పాత చద్దరుకు ఒక చీటీ

భవానీపేటలో ఒక ఇంట అటకమీది జకార్డు అట్టల కట్టలను మొన్న తూకంలెక్కన చిత్తుకాగితాలవానికి అమ్మిరి. మేము చేరునప్పటికి బండి కదలిపోయినది. ఆ నమూనా గీసిన పెద్దాయన నేడు లేడు, కాగితముపై గీతయు లేదు.

ఇట్టివాటిని కాపాడుట నేర్పు చదువొకటి కలదు. బరోడా మహారాజా శాయాజీరావు విశ్వవిద్యాలయములో 1952లోను, కలకత్తా విశ్వవిద్యాలయములో 1959లోను మ్యూజియం శాస్త్ర విభాగములు ఏర్పడినవి. వస్తువు పుట్టుపూర్వోత్తరములు వ్రాయుట, చెడకుండ దాచుట, నలుగురికి చూపుట అందలి పాఠములు. ఇది పరాయివారి పని యనుకొనవలదు. అమెరికాలో శాంటాఫే పట్టణమున 1962లో నెలకొన్న ఆదివాసి కళల విద్యాలయము అక్కడి ఆదివాసుల బిడ్డలకు ఈ విద్య నేర్పుచున్నది. తాతలు చేసిన వస్తువును గూర్చి మనుమలే చెప్పుచున్నారు. పడుగు, పేక, అచ్చు అను మాటలు మన పిల్లలకు ఒకరు నేర్పనక్కరలేదు గదా! ఇంజనీరింగుకు పంపు తల్లిదండ్రులు దీనినికూడ ఒకమారు విచారింపరాదా?

ఈలోగా ఇంట చేయదగినది కొంత యున్నది. పాత చద్దరు దొరికినచో నేసినవారి పేరు, వారు వచ్చిన ఊరు, సుమారుగా సంవత్సరము, చేతిమగ్గమో మరమగ్గమో, నూలు నంబరు, అట్టల సంఖ్య ఒక చీటీపై పెన్సిలుతో వ్రాయుడు. సిరా చెమ్మకు పాకును. ఇంటి ముసలివారిని ఈ వారమే అడుగుడు. తెలియనిచోట ఖాళీ విడువుడు, ఊహించి వ్రాయరాదు. చీటీని జిగురుతో అంటింపక, అంచున దారముతో వదులుగా కుట్టుడు. మడతలవద్ద నూలు తెగును గనుక చద్దరును గొట్టమునకు చుట్టి, ఉతికిన తెల్లగుడ్డ కప్పి, నేలచెమ్మకు ఎడముగా ఉంచుడు. అట్టలను కూర్చిన దారము మాత్రము విప్పకుడు. వరుస తప్పినచో నమూనా తిరిగి రాదు.