జమిలి లెక్కలో ఆలేరు

ఆలేరు నుంచి,
మనుమరాలికి,

నువ్వు గ్రూప్-1 కోసం రాసిన జమిలి ఎన్నికల వ్యాసం అందింది, బిడ్డా. తాత రెండుసార్లు చదివాడు. మూడో వాక్యం దగ్గరే ఎర్ర పెన్ను తీయాల్సి వచ్చింది. "1967 దాకా దేశమంతటా లోక్‌సభకు, అసెంబ్లీలకు ఒకేసారి ఎన్నికలు జరిగాయి" అని రాశావు. చాలామంది అట్లే రాస్తున్నారు. పొరుగు రాష్ట్రాల దాకా ఎందుకు, అప్పటి మన రాష్ట్రంలోనే అది పూర్తిగా నిజం కాదు.

1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. అప్పటికే ఆంధ్ర రాష్ట్రానికి 1955లో అసెంబ్లీ ఎన్నికలు అయిపోయాయి. అందుకని 1957లో లోక్‌సభకు అందరూ ఓటేశారు గానీ, అసెంబ్లీకి ఓటేసింది తెలంగాణ వాళ్లు మాత్రమే, 105 స్థానాలకు. ఆంధ్ర ప్రాంతం నుంచి 1955లో గెలిచిన 196 మంది 1962 దాకా కొనసాగారు. ఐదేళ్లకని ఓట్లు వేయించుకున్నవాళ్లు ఏడేళ్లు కూర్చున్నారన్నమాట. గోడకు రెండు గడియారాలుండి అవి ఒకే వేళ చూపాలంటే, ఏదో ఒకదాని ముల్లు చేత్తో తిప్పక తప్పదు. జమిలి మీద ఎవరేం చెప్పినా ముందు ఆ ముల్లు ఎవరిదని అడగాలి. నీ వ్యాసంలో ఖర్చు గురించి రెండు పేజీలున్నాయి, ఈ ముల్లు గురించి ఒక్క వాక్యమూ లేదు.

మన ఊరి సంగతి కూడా కాస్త రాయాల్సింది. 1952లో హైదరాబాద్ రాష్ట్రంలో నిజంగానే రెండు ఎన్నికలూ కలిసే జరిగాయి. ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, దాని మీద గుర్తు. కమ్యూనిస్టులు పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ పేరుతో నిలబడ్డారు. ఆలేరులో ఆరుట్ల కమలాదేవి గెలిచారు, ఆ తర్వాత ఇంకో రెండుసార్లు కూడా. రావి నారాయణరెడ్డి నల్లగొండ లోక్‌సభకూ భువనగిరి అసెంబ్లీకీ పోటీ చేసి రెండూ గెలిచారు. ఆయనకు నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు వచ్చాయని ఈ జిల్లాలో ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. అది నిజమే. కానీ ఒకే మనిషి రెండు సభల్లో ఉండలేడు. ఆయన లోక్‌సభనే ఎంచుకున్నారు. ఒకేసారి ఓటేసినంత మాత్రాన ఖాళీలు రాకుండా ఉండవని అప్పుడే తేలింది.

ఇక ఈ రెండు ఎన్నికల ముడి ఎప్పుడు వీడింది? 1970 డిసెంబరులో ఇందిరాగాంధీ లోక్‌సభను ఏడాది ముందే రద్దు చేయించారు. 1971 మార్చిలో ఓటేసేనాటికి ఇక్కడ 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమపు గాయం పచ్చిగానే ఉంది. తెలంగాణలోని 14 లోక్‌సభ స్థానాల్లో 10 తెలంగాణ ప్రజాసమితి గెలిచింది. హైదరాబాదులో ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డికి అసెంబ్లీలో మెజారిటీ చెక్కుచెదరలేదు. అయినా ఆ సెప్టెంబరులో ఆయన గద్దె దిగారు, పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రి అయ్యారు. అసెంబ్లీ ఎన్నిక 1972 దాకా రానేలేదు. రాష్ట్రం మీది కోపాన్ని జనం ఢిల్లీ ఓటుతో చెప్పారు, అది వినబడింది. కలిపి ఓటేసే రోజుల్లో ఈ వెసులుబాటు ఉండదు.

దగ్గరి కాలానికి వద్దాం. 2014 ఏప్రిల్ 30న పోలింగ్ బూత్‌లో రెండు ఈవీఎంలు, లోక్‌సభకు తెల్ల బ్యాలెట్ కాగితం, అసెంబ్లీకి గులాబీ కాగితం. (గులాబీ ఇక్కడ ఒక పార్టీ రంగు కూడా. కానీ ఆ కాగితానికి రంగు ఎంచింది ఆ పార్టీ కాదు, దేశమంతటా అదే రంగు.) ఆలేరు అసెంబ్లీ, భువనగిరి లోక్‌సభ రెండూ టీఆర్ఎస్‌కే పోయాయి. 2018లో కేసీఆర్ సభను ముందే రద్దు చేశారు. డిసెంబర్ 7న జరిగిన ఎన్నికలో టీఆర్ఎస్‌కు 119లో 88 వచ్చాయి, ఆలేరు కూడా వాళ్లదే. నాలుగు నెలలు తిరగ్గానే 2019 ఏప్రిల్ 11న లోక్‌సభ పోలింగ్. ఈసారి 17లో వాళ్లకు తొమ్మిదే. భువనగిరిలో గెలిచింది నల్లగొండ అసెంబ్లీలో అప్పుడే ఓడిపోయిన కోమటిరెడ్డి వెంకటరెడ్డి. కొడంగల్‌లో ఓడిన రేవంత్‌రెడ్డి మల్కాజిగిరిలో, అంబర్‌పేటలో ఓడిన కిషన్‌రెడ్డి సికింద్రాబాదులో, కరీంనగర్ అసెంబ్లీలో ఓడిన బండి సంజయ్ అదే కరీంనగర్ లోక్‌సభలో గెలిచారు. అదే 2019లో పక్కనున్న ఆంధ్రప్రదేశ్‌లో రెండింటికీ ఒకే రోజు ఓటేస్తే వైసీపీకి 175లో 151, 25లో 22 వచ్చాయి.

ఈ అంకెలతోనే తీర్పు చెప్పేస్తే నువ్వు తొందరపడ్డట్టే. గాలి బలంగా ఉన్నప్పుడు విడిగా ఓటేసినా ఒకే వైపు వీస్తుంది. కానీ ఓటరు ఎవరిని ఏ పనికి పంపుతున్నాడో తూకం వేసుకునే వ్యవధి విడివిడి ఎన్నికల్లో దొరుకుతుందన్నది తాత నమ్మకం.

అవతలి పక్షానిదీ గట్టి మాటే, దాన్ని తక్కువ చేయకు. 2018 డిసెంబరులో అసెంబ్లీ, 2019 జనవరిలో పంచాయతీలు, ఏప్రిల్‌లో లోక్‌సభ, మే నెలలో ఎంపీటీసీ, జడ్పీటీసీ. ఆర్నెల్లలో నాలుగు. టీచర్లకు ఎలక్షన్ డ్యూటీ పడిందంటే ట్రైనింగు, సామగ్రి పంపిణీ, రాత్రి బడిలోనే పడక, తెల్లారకముందే మాక్ పోల్. ఆ రోజుల్లో పిల్లల పాఠాల సంగతి అడగకు. రైతుల సంగతి ఇంకా చూడు. 2023 నవంబరులో రైతుబంధు డబ్బులకు ముందు ఒప్పుకొన్న ఎన్నికల సంఘం, పోలింగుకు మూడు రోజుల ముందు ఆ అనుమతి వెనక్కి తీసుకుంది. 2024 మే నెలలో రైతు భరోసా కూడా 13వ తేదీ పోలింగు అయ్యేదాకా ఆగింది. పేరు మారినా డబ్బు వెళ్లేది రైతు ఖాతాకే. ఆరు నెలల్లో రెండుసార్లు ఎన్నికల కోడ్ అడ్డం పడింది. ఈ ఉదాహరణ నీ వ్యాసంలో పెట్టు, ఢిల్లీ నుంచి తెచ్చిన లెక్కల కంటే బాగా నిలుస్తుంది.

కలిపి పెడితే బడుల మీద భారం తగ్గుతుందా? తప్పకుండా తగ్గుతుందని చెప్పలేం. 2019లో ఇండోనేషియాలో అధ్యక్ష, చట్టసభల ఎన్నికలు తొలిసారి ఒకే రోజు పెట్టారు. అలసటతో వందలాది పోలింగ్ సిబ్బంది చనిపోయారు.

ఇప్పుడు జమిలి బిల్లు సంగతి. ఏకకాల ఎన్నికల మాట కొత్తది కాదు. 1999లో మన తెలుగు న్యాయమూర్తి బి.పి. జీవన్‌రెడ్డి అధ్యక్షతన లా కమిషన్ 170వ నివేదికలో దాన్నే సిఫారసు చేసింది. రాష్ట్ర ప్రభుత్వాలను ఇష్టానికి కూల్చకుండా కేంద్రం చేతులు కట్టిన 1994 బొమ్మై తీర్పులోనూ ఆయన కలం ఉంది. కనుక జమిలి అడిగినవాళ్లంతా రాష్ట్రాలకు పగవాళ్లనుకోకు. జమిలి మీద వేసిన కోవింద్ కమిటీ నివేదిక తర్వాత 2024 డిసెంబర్ 17న లోక్‌సభలో 129వ రాజ్యాంగ సవరణ బిల్లు పెట్టారు. ప్రవేశపెట్టడానికి అనుకూలంగా 269, వ్యతిరేకంగా 198 ఓట్లు పడ్డాయి. ఆమోదానికి మూడింట రెండు వంతులు కావాలి. ఆ రోజు ఓటేసిన 467 మందిలోనైతే 312. బిల్లు సంయుక్త పార్లమెంటరీ కమిటీకి వెళ్లింది.

అందులో అసలు సంగతి చూడు. కొత్త లోక్‌సభ తొలిసారి కూర్చున్న రోజును రాష్ట్రపతి నియమిత తేదీగా ప్రకటించవచ్చు. ఆ తేదీ తర్వాత ఎన్నికైన అసెంబ్లీలన్నీ ఆ లోక్‌సభతోనే ముగుస్తాయి. మధ్యలో సభ రద్దయితే కొత్తగా వచ్చేది మిగిలిన కాలానికే. స్వీడన్‌లో మధ్యంతర ఎన్నికకు ఇదే పద్ధతి. తెలంగాణకు ఇది వర్తింపజెయ్యి. ఆ తేదీ 2029లో పడిందనుకో. ప్రస్తుత సభ గడువు 2028 డిసెంబరు దాకా. అప్పుడు ఎన్నికయ్యే సభ ఆ తేదీకి ముందే పుట్టింది కనుక 2033 చివరిదాకా నిండుగా నడుస్తుంది. 2033 చివర మళ్లీ ఓటేస్తే, బిల్లు ఉన్నదున్నట్టుగా, ఆ కొత్త సభ ఆయుష్షు 2034లో లోక్‌సభ ముగిసేదాకానే, అంటే సుమారు ఆరు నెలలు. 1999 నుంచీ లోక్‌సభతోనే ఓటేస్తున్న ఆంధ్రప్రదేశ్‌కు ఈ తిప్పలు లేవు. 1957లో వాళ్ల సభ్యుల ముల్లు ముందుకు తిప్పారు, ఈసారి వెనక్కి తిప్పేది మనదన్నమాట.

ముందు ఆ 1967 వాక్యం సరిచేసి, ఈ ఆరు నెలల లెక్క నీ చేతులతో నువ్వే వేసి పంపు. తాత వేసిన దాంట్లో తప్పుంటే మొహమాటం లేకుండా రాయి. దసరాకు వచ్చేటప్పుడు బిల్లు ప్రతి ఒకటి పట్టుకురా. తాత మొన్ననే కళ్లద్దాలు మార్చాడు, చిన్న అక్షరాలు కూడా కనబడుతున్నాయి.

మీ తాత