స్వల్పవ్యయముతో గ్రుడ్లను పొదిగించు పెట్టె

కొల్లేటి సీమయందు వరికోతలైన పిమ్మట బాతులమందలు చేలవెంట తిరుగుచు రాలిన గింజలను మేయుట మనమందఱము చూచుచున్నదే. ఈ పెంపుడు బాతులు గ్రుడ్లను విరివిగా పెట్టునుగాని పొదుగుటయందు వానికి శ్రద్ధ తక్కువ. అందుచే పల్లెవాసులు బాతుగ్రుడ్లను కోడిపెట్టక్రింద నుంచుదురు. పొదుగు పెట్ట దొరకనిచో నేమి చేయవలెను? పూర్వము ఐగుప్తీయులు ఇటుకగదులను వెచ్చజేసియు, చీనీయులు ఊకను వెచ్చజేసియు గ్రుడ్లు పొదిగించిరి. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడగు రియోమూరు 1749లో ఈ విద్యనుగూర్చి గ్రంథము ప్రకటించెను. ఇంటియందే చేసికొనదగిన పెట్టె నొకదానిని మేమిచట వివరించెదము.

తల్లిపక్షి గ్రుడ్డునకు వేడిమి, తేమ, గాలి, కదలిక అను నాలుగింటిని సమకూర్చును. పెట్టెయు నీ నాలుగింటిని సమకూర్పవలెను.

నిర్మాణము: ఒక కొయ్యపెట్టెలో అంతకంటె చిన్నదగు పెట్టె నుంచి, నడిమి సందును ఊకతో నింపవలెను. తాడేపల్లిగూడెపు బియ్యపుమిల్లులలో లభించు ఊక వేడిమిని బయటికి పోనీయదు. గాలికై పైనను క్రిందను రంధ్రములు చేసి, మూతకు అద్దపుముక్క నమర్పవలెను. లోపల 40 వాట్ల తంతిదీపము చాలును; ఎల్.ఇ.డి. దీపము తగినంత వేడి నీయదు. ఊక నిప్పంటుకొనకుండ దీపమునకు తగరపు కవచము తప్పక యుండవలెను. అడుగున నీళ్లపళ్లెమును, దానిపై తీగెవలను, వలపై గ్రుడ్లను ఉంచవలెను. వేడిమిని అదుపుచేయుటకు థర్మోస్టాటు కావలెను. విద్యుత్తీగెలను పెద్దలే కలుపవలెను.

నడుపువిధము: పంకా లేని పెట్టెలో గ్రుడ్ల పైభాగముకడ వేడిమి 38.3 డిగ్రీల సెంటీగ్రేడు, అనగా 101 డిగ్రీల ఫారన్‌హీటు ఉండవలెను. ఒక దినము పెట్టెను వట్టిగా నడిపి, వేడిమి నిలుకడ చెందిన పిమ్మటనే గ్రుడ్ల నుంచవలెను. వారము దాటని గ్రుడ్లనే యేరుకొనవలెను. దినమునకు మూడుసార్లైనను వానిని త్రిప్పవలెను. లేనిచో పిండము పెంకు లోపలిపొర కంటుకొని చచ్చును. ఏడవదినమున చీకటిగదిలో దీపమున కెదురుగా పట్టి చూచినచో, జీవమున్న గ్రుడ్డులో సాలెపురుగు కాళ్లవంటి ఎఱ్ఱని నరములు కానవచ్చును. కోడిగ్రుడ్లు 21 దినములకును, నాటుబాతు గ్రుడ్లు 28 దినములకును పిల్లలగును. చివరి మూడుదినములు త్రిప్పుట మాని, తేమను హెచ్చించి, మూత తెఱువకుండవలెను. పుట్టిన పిల్లకు కడుపులోని పచ్చసొనయే ఒకదినము ఆహారమగును.

కొంతసేపు చల్లబడుటకంటె మితిమీఱిన వేడియే గ్రుడ్లకు ఎక్కువ హానికరము. కావున కరెంటు పోయినప్పుడు తొందరపడక, పెట్టెపై కంబళి కప్పి వేచియుండవలెను.

ఈ నియమములు పక్షులకే చెల్లును. ఇంటిగోడ పగుళ్లలోని బల్లిగ్రుడ్లకు గదిలోని వెచ్చదనమే చాలును. వానిని త్రిప్పినచో లోని పిండమునకే హాని కలుగును. సృష్టికర్త జీవజాతుల కన్నింటికి ఒకే విధమును నియమింపలేదు. అట్లే కొల్లేటి అడవిపక్షుల గ్రుడ్లను ఈ పెట్టెకై తేరాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దానిని నిషేధించుచున్నది. కొల్లేరు 1999లో అభయారణ్యముగా ప్రకటింపబడినది.

విద్యార్థులారా, ఈ పెట్టెకు ద్రవ్యము స్వల్పమే చాలునుగాని జాగరూకత మిక్కిలి కావలెను. ఇరువదియెనిమిది దినములలో ఒక్కనాటి యేమఱుపాటు వలన గ్రుడ్లన్నియు చెడవచ్చును. ఆ భారమును మోయ నిశ్చయించుకొనిన పిమ్మటనే గ్రుడ్లను పెట్టెలో నుంచుడు.