నీతి అడక్కు, బొమ్మ చూడనివ్వు

అమ్మాయీ,

ఒకటో తరగతి ఇచ్చారనీ, తోటివాళ్లను కలుపుకుపోవడం నేర్పే బొమ్మల పుస్తకాలు చెప్పమనీ రాశావు. కథ అయిపోగానే "ఇందులో నీతి ఏమిటి?" అని మాత్రం అడగకు. "అందరితో మంచిగా ఉండాలి టీచర్" అని ఒక్క గొంతుతో అనేసి, గంట కొట్టగానే ఎవణ్ణో "ఒరే నత్తోడా" అని పిలుస్తారు.

ఎజ్రా జాక్ కీట్స్ 'ద స్నోయీ డే' సంగతి చెబుతాను. 1962లో అమెరికాలో వచ్చింది, మరుసటేడు బొమ్మల పుస్తకాలకిచ్చే కాల్డెకాట్ పతకం అందుకుంది. పీటర్ అనే నల్లపిల్లవాడు ఎర్రకోటు తొడుక్కుని మంచులో ఆడుకుంటాడు, అంతే కథ. వాడి రంగు గురించి ఒక్క ముక్కా ఉండదు, బొమ్మలోనే తెలుస్తుంది. అక్కడి బొమ్మల పుస్తకాల్లో నల్లపిల్లలు కనపడడమే అరుదైన రోజులవి. కీట్స్ పోలండ్ నుంచి వలస వచ్చిన యూదుల బిడ్డ. యూదులంటే పడని లోకంలో కట్జ్ అన్న ఇంటిపేరు మార్చుకున్నవాడు. 1940లో 'లైఫ్' పత్రికలో కనిపించిన ఒక నల్లపిల్లవాడి ఫోటోలు కత్తిరించి, ఇరవై ఏళ్లకు పైగా దాచుకున్నాడు; పీటర్ పుట్టింది వాటిలోంచే.

పీటర్‌ను చూస్తే జాలి వెయ్యదు. జేబులో దాచుకున్న మంచుముద్ద కరిగిపోతే వాడితోపాటు మనకూ దిగులేస్తుంది. మన పిల్లలకు మంచు తెలియదంటావేమో, వడగళ్లు ఏరుకున్నవాళ్లే కదా! "అయ్యో పాపం" అనిపించే పుస్తకాలే చదివితే పిల్లలు జాలిపడడమే నేర్చుకుంటారు. జాలిపడేవాడు ఎప్పుడూ పైమెట్టు మీదే నిలబడతాడు.

వైకల్యం గురించి సూటిగా మాట్లాడే పుస్తకాలూ కావాలి. చెన్నై తూలిక ప్రచురణ సంస్థ వాళ్లు వేసిన షీలా ధీర్ 'వై ఆర్ యూ అఫ్రెయిడ్ టు హోల్డ్ మై హ్యాండ్?' అలాంటిదే. కానీ డిసెంబరు 3 వికలాంగుల దినోత్సవం కదా అని ఆ రోజే తీయకు, మామూలు మంగళవారం చదువు. నీ తరగతిలో కాలు ఈడ్చి నడిచే పిల్ల ఉంటే, చదువుతూ ఆమె వైపు చూడకు. నువ్వు చూస్తే అందరూ తల తిప్పుతారు. ఇక ఆ పుస్తకం ఆమెకు శిక్షే.

బొమ్మ పిల్లల వైపు తిప్పి పట్టుకో. మాటలు అయిపోయినా వెంటనే పేజీ తిప్పకు. "ఈ పాప ఏమనుకుంటోంది?" అని అడిగి, "నీకెలా తెలిసింది?" అని మళ్లీ అడుగు. అసలు పని చేసేది ఆ రెండో ప్రశ్నే. కనుబొమలు, వంగిన భుజాలు, బిగించిన పిడికిలి చూసి చెబుతారు. నీకు తోచనివి చెబితే దిద్దకు.

పుస్తకంలో ఎవరి ఇల్లు ఉందో కూడా చూసుకో. హైదరాబాదు అన్వేషి సంస్థ వాళ్లు 2008లో తెచ్చిన 'డిఫరెంట్ టేల్స్' వరుసలో గోగు శ్యామల, మహమ్మద్ ఖదీర్‌బాబు కథలున్నాయి. ఖదీర్‌బాబు కథలో తలకాయ కూర ఉంటుంది. ఇంట్లో వండినదాని మాట బడిలో ఎత్తడానికి వెనకాడే పిల్లకు అది ఎంత ధైర్యమో ఊహించు. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు కథలు ఉచితంగానే దొరుకుతాయి.

అన్నట్టు, పుస్తకాలు బీరువాలో పెట్టి తాళం వెయ్యకు. పిల్లల ఎత్తులో తాడు కట్టి వేలాడదియ్యి. చిరిగిన పేజీలకు టేపు అంటించే పని వాళ్లకే అప్పజెప్పు.