చేరినవారెందరు? పూర్తి చేసినవారెందరు?

ప్రతి ఏటా ఇంటర్ ఫలితాలు రాగానే మన సంఘాలన్నీ ఒకే పనిలో మునిగిపోతాయి. పేద పిల్లల దరఖాస్తులు తీసుకుంటాం, మార్కులు చూస్తాం, ఫీజులు కడతాం. వార్షిక సభలో “ఈ సంవత్సరం ఇంతమందిని కళాశాలల్లో చేర్పించాం” అని నివేదిక చదువుతాం. సంతోషించదగిన విషయమే. కానీ ఇన్నేళ్లుగా పాఠాలు చెబుతున్నందువల్ల నాకు ఇంకో అంకె కూడా వినాలని ఉంటుంది. నాలుగేళ్ల క్రితం మనం చేర్పించినవారిలో డిగ్రీ పట్టా అందుకున్నవారు ఎందరు?

ఆ రెండో అంకె కోసమే పుట్టిన ఒక సంస్థ అమెరికాలో ఉంది. దాని పనితీరును తెలుసుకుంటే మనకు పనికొచ్చే పాఠాలు కొన్ని దొరుకుతాయి.

పేరులోనే లెక్క ఉంది

ఆ సంస్థ పేరు బాటమ్ లైన్. 1997లో డేవ్ బోర్గల్ అనే ఆయన దాన్ని బాస్టన్ నగరంలో ప్రారంభించారు. తర్వాత అది న్యూయార్క్, షికాగో నగరాలకూ విస్తరించింది. బాటమ్ లైన్ అంటే జమాఖర్చుల లెక్కలో అడుగు గీత కింద చివరికి తేలే మొత్తం. విద్యార్థి విషయంలో చివరికి తేలవలసింది పట్టా అని ఆ పేరు చెబుతుంది. తక్కువ ఆదాయం గల కుటుంబాల పిల్లలను, ముఖ్యంగా ఇంట్లో మొట్టమొదటిసారి కళాశాల గడప తొక్కుతున్నవారిని ఈ సంస్థ ఎంచుకుంటుంది. మొదటి ర్యాంకులవారే కావాలని పట్టుబట్టదు. ఓ మోస్తరు మార్కులు ఉంటే చాలు.

చేరే ముందు

అమెరికాలో విద్యార్థి ఒక్కో కళాశాలకు విడిగా దరఖాస్తు పంపాలి. తన గురించి వ్యాసం రాయాలి. ప్రభుత్వ సాయం కోసం కుటుంబ ఆదాయ వివరాలతో పెద్ద ఫారం నింపాలి. సీటుతో పాటు కళాశాల ఒక లేఖ పంపుతుంది. అందులో తిరిగి కట్టనక్కరలేని గ్రాంటు ఎంత, వడ్డీతో తీర్చవలసిన అప్పు ఎంత అన్నది విడదీసి చూసుకోవాలి. చదువుకున్న తల్లిదండ్రులు ఉంటే ఇవన్నీ ఇంట్లోనే జరిగిపోతాయి. లేనివారికి బాటమ్ లైన్ ఒక సలహాదారును ఇస్తుంది. పిల్లల పక్కన కూర్చొని, ఏ కళాశాలలో చేరితే ఖర్చు భరించగలరో, ఎక్కడ చదువు పూర్తి చేసేవారు ఎక్కువో చూపించి ఎంపిక చేయించడం వారి పని.

సీటు వచ్చినంత మాత్రాన పని అయిపోదు. వేసవి సెలవుల్లో ఏదో ఒక కాగితం అందక, అడ్వాన్సు కట్టలేక, సీటు వచ్చిన పిల్లల్లో కొందరు అసలు తరగతిలో అడుగే పెట్టరు. అక్కడి విద్యావేత్తలు దీన్ని వేసవిలో కరిగిపోవడంగా వర్ణించారు. ఆ నష్టం ఎక్కువగా పేద కుటుంబాలకే.

చేరిన తర్వాత

చాలా సంస్థలు ఆగిపోయే చోటనే ఈ సంస్థ అసలు పని మొదలవుతుంది. తాను ఎంపిక చేసుకున్న కళాశాలల్లో చేరినవారిని కలవడానికి సలహాదారులు క్యాంపస్‌కే వెళ్తారు. వెళ్లినప్పుడల్లా నాలుగు విషయాలు అడుగుతారు. ఒకటి, చదువు: క్రెడిట్లు సరిపోతున్నాయా, ఏ సబ్జెక్టు వెనకబడింది? రెండు, ఉద్యోగం: ఇంటర్న్‌షిప్‌కు ప్రయత్నిస్తున్నావా? మూడు, డబ్బు: సాయం కోసం వచ్చే ఏడాది ఫారం నింపావా? నాలుగు, జీవితం: ఇంట్లో అంతా బాగున్నారా, ఆరోగ్యం ఎలా ఉంది? ఈ నాలుగు ప్రశ్నలు పట్టా వచ్చేదాకా సాగుతాయి.

దీనివల్ల నిజంగా ఫలితం ఉందా అని ఆండ్రూ బార్, బెంజమిన్ కాసిల్‌మన్ అనే ఆర్థికవేత్తలు పరిశీలించారు. అర్హత గల దరఖాస్తుదారులను చీటీలు తీసినట్లు రెండు వర్గాలు చేసి, ఒక వర్గానికి మాత్రమే ఈ సాయం అందేలా చూసి, ఏళ్ల తరబడి గమనించారు. సాయం అందిన వర్గంలో డిగ్రీ పూర్తి చేసినవారు స్పష్టంగా ఎక్కువగా తేలారు. ఎవరో ఒకరిద్దరు ప్రతిభావంతులైన సలహాదారుల వల్ల వచ్చిన ఫలితం కాదిది. సలహాదారు ఎవరైనా ఫలితం దాదాపు ఒకేలా ఉంది. అంటే పద్ధతిలోనే బలం ఉంది. పద్ధతిని నేర్చుకోవచ్చు.

మన పిల్లల సంగతి

2006 నాటి సచార్ కమిటీ నివేదిక ప్రకారం, దేశంలోని ప్రముఖ కళాశాలల్లో డిగ్రీ చదివే ప్రతి 25 మందిలో ముస్లిం విద్యార్థి ఒక్కరే. పీజీలో 50 మందికి ఒక్కరు. అంత కష్టపడి లోపలికి వెళ్లినవారిలో ఒక్కరు మధ్యలో వెనుదిరిగినా మనకు పెద్ద నష్టం.

మన రాష్ట్రాల్లో 2007 నాటి 4 శాతం రిజర్వేషన్, ఆ తర్వాత వచ్చిన ఫీజు రీయింబర్స్‌మెంట్ ఎందరికో తలుపులు తెరిచాయి. అయినా పిల్లలు ఎక్కడ జారిపోతున్నారో ఉపాధ్యాయులకు తెలుసు. వెబ్ ఆప్షన్లు నెట్ సెంటర్‌లో ఎవరో పెడతారు. రోజూ వెళ్లిరాలేనంత దూరంలో సీటు వస్తుంది. కన్వీనర్ కోటాకూ మేనేజ్‌మెంట్ కోటాకూ తేడా తెలియక చేరితే, తర్వాత రీయింబర్స్‌మెంట్ రాదని తెలుస్తుంది. మొదటి సెమిస్టర్‌లో రెండు సబ్జెక్టులు పోతే సిగ్గుతో ఎవరికీ చెప్పరు. హాజరు 75 శాతం కంటే తగ్గితే స్కాలర్‌షిప్ చిక్కుల్లో పడుతుంది. తండ్రికి జబ్బు చేస్తే పెద్ద కొడుకు మెకానిక్ షెడ్డుకు వెళ్తాడు. మంచి సంబంధం వచ్చిందని అమ్మాయి చదువు రెండో ఏట ఆగుతుంది. వీటిలో చాలావాటికి పెద్ద మొత్తాలు అక్కరలేదు. సకాలంలో అడిగే మనిషి కావాలి.

మనం ఏం చేయవచ్చు?

మొదటిది, ప్రతి పదిమంది విద్యార్థులకు ఒక పెద్ద దిక్కును ఏర్పాటు చేయాలి. డిగ్రీ చదివిన యువకులు, రిటైరైన ఉపాధ్యాయులు, మహిళా అధ్యాపకులు మనలోనే ఉన్నారు. నెలకు ఒకసారి ఆ నాలుగు ప్రశ్నలు అడిగితే చాలు. అమ్మాయిల కోసం మహిళలే ఉంటే వారి ఇళ్లకు వెళ్లి తల్లులతో మాట్లాడగలరు. ఫైనలియర్ దాకా ఆగమని సంబంధం వారినీ ఒప్పించగలరు.

రెండోది, నిధి మొత్తాన్నీ అడ్మిషన్ల సమయంలోనే ఖర్చు చేయకుండా కొంత భాగం ఏడాది పొడవునా అందుబాటులో ఉంచాలి. పరీక్ష ఫీజు, బస్ పాస్, ఒక నెల మెస్ బిల్లు వంటి చిన్న మొత్తాలను దరఖాస్తు వచ్చిన రెండు మూడు రోజుల్లో ఇవ్వగలగాలి. పరీక్ష ఫీజు గడువు దాటాక మంజూరైన డబ్బు విద్యార్థిని ఆదుకోలేదు.

మూడోది, రిజిస్టర్. చేరిన ప్రతి విద్యార్థి పేరు ఎదుట ప్రతి సెమిస్టర్ ఫలితం రాయాలి. మానేసినవారి పేరు కొట్టివేయకుండా, ఎందుకు మానేశారో కనుక్కొని రాయాలి. ఆ కారణాలే వచ్చే ఏడాది నిధిని దేనికి కేటాయించాలో చెబుతాయి.

దాతలు ఇచ్చే సొమ్ము సంఘం చేతిలో అమానత్. కాబట్టి లెక్క అడిగే హక్కు మీకుంది. ఈసారి వార్షిక సభలో “ఎందరిని చేర్పించారు?” అనే ప్రశ్న దగ్గర ఆగకండి. “ఎందరు పూర్తి చేశారు? మానేసినవారి ఇంటికి ఎవరు వెళ్లారు?” అని కూడా అడగండి. ఆ ప్రశ్న ఏటా వినిపిస్తే ఆ రిజిస్టర్ తప్పక తెరుచుకుంటుంది.