అంకితమును అనుభవమును

వీరశైవ కుటుంబములలో తరచుగా వినబడు ప్రశ్న యొకటి కలదు. ఇంటి పెద్దలు నియమముగా లింగపూజ చేయుచుందురు. చదువుకొన్న కుమారుడో కుమార్తెయో ప్రక్కన నిలిచి, “ఈ వచనమునకు స్వాములవారు చెప్పిన అర్థమొక్కటేనా? నాకు వేరొక భావము తోచుచున్నది. అది చెప్పినచో తప్పగునా? మఠమునకు పోనివానికి భక్తి లేనట్లేనా?” అని యడుగుదురు. కొందరు పెద్దలు “అట్లు ప్రశ్నింపరాదు” అని నోరు మూయింతురు. కొందరు “నీ యిష్టము” అని విడిచిపెట్టుదురు. మొదటి మాట విన్నవాడు మెల్లగా దూరమగును. రెండవ మాట విన్నవాడును దూరమే యగును. కాకున్న కొంత ఆలస్యముగా.

ఈ ప్రశ్న నేటిది కాదు. పండ్రెండవ శతాబ్దమున కల్యాణ పట్టణమునందు, అనగా నేటి బీదరు జిల్లాలోని బసవకల్యాణమునందు, శరణులు కూడి మాటలాడుకొన్నది చాలవరకు దీనిని గురించియే. శ్రీ బసవేశ్వరుడు శాస్త్రమెరుగక శాస్త్రమును కాదన్నవాడు కాడు. బాగేవాడిలో బ్రాహ్మణ కుటుంబమున జన్మించి, ఉపనయనమును నిరాకరించి, కృష్ణా మలాపహారిణీ నదుల సంగమమైన కూడలసంగమమును చేరినవాడు. ఆ బాల్యవృత్తాంతమును పాల్కురికి సోమనాథుడు తెలుగు ద్విపదలో బసవపురాణముగా రచించినాడు. నిరాకరించుట సులభము, ఎందరో నిరాకరించిరి. నిరాకరించినవాడు పిదప దేనిని ప్రమాణముగా గైకొనవలెను అనునదియే కష్టమైన ప్రశ్న. శరణులు దానికిచ్చిన సమాధానము సిద్ధాంతగ్రంథములలోకంటె వారి వచనముల చివరిపాదమునందు స్పష్టముగా కనబడును.

వచనము చివర రచయిత తన ఇష్టదైవమును సంబోధించు నామమునకు అంకితమని పేరు. బసవేశ్వరుని అంకితము కూడలసంగమదేవ. అల్లమప్రభువునది గుహేశ్వర. అక్కమహాదేవిది చెన్నమల్లికార్జున, ఇది మన శ్రీశైలేశ్వరుని నామమే. సొన్నలిగె సిద్ధరామునిది కపిలసిద్ధ మల్లికార్జున. మడివాల మాచయ్యది కలిదేవరదేవ. పడవ నడపుకొని జీవించిన అంబిగర చౌడయ్య మాత్రము ఏ దేవుని పేరును గ్రహింపక తన పేరునే అంకితముగా నిలిపినాడు. ఎవ్వరును అతనిని “ఇది అహంకారము, మార్చుము” అనినట్లు కనబడదు.

ఇందలి విశేషమును మనము తగినంతగా గమనింపలేదు. అందరును ఒక్క లింగతత్త్వమునే ఉపాసించిరి. అయినను బసవేశ్వరుడు తన అంకితమును అందరిపై మోపలేదు. ఆయన రాజ్యములో భండారి, సమాజమున నాయకుడు. ఆయన నామముననే అందరును పలుకుట ఆశ్చర్యము కాదు. అట్లు జరుగలేదు. ఆయన సోదరి కుమారుడును శిష్యప్రాయుడును అగు చెన్నబసవన్నయు కూడలచెన్నసంగమదేవ యని కొంత భేదముతోనే పలికినాడు. ఆయ్దక్కి మారయ్య అంకితము అమరేశ్వరలింగ. అతని భార్య లక్కమ్మ అంకితము మారయ్యప్రియ అమరేశ్వరలింగ. ఒకే యింట, ఒకే పొయ్యి ముందు కూర్చున్న దంపతులకును వేరు వేరు అంకితములు!

అంకితము వలన రెండు కార్యములు జరుగుచున్నవి. “ఇది నా అనుభవము, దీనికి నేనే బాధ్యుడను” అని పలికినవాడు ఒప్పుకొనుచున్నాడు. ఇతరుని మాట ఇతరునిదిగానే ఉండుచున్నది. బసవేశ్వరుని భావము తనకు సరిపడనిచో శరణుడు ఆ వచనమును దిద్దడు; తన వచనమును తాను చెప్పును.

అట్లయిన ఎవనికి తోచినది వానికి సత్యమా? కాదు. అంకితము పలుకుటకు స్వేచ్ఛ నిచ్చును గాని పరీక్షనుండి మినహాయింపు నీయదు. ఆ పరీక్ష గోష్ఠిలో జరుగును. అనుభవమంటపమను పేరుతో ఒక కట్టడము నిజముగా నుండెనా యని చరిత్రకారులు వాదించుచున్నారు. కట్టడము మాట ఎట్లున్నను, శరణులు ఒకరి మాటను ఒకరు ప్రశ్నించుచుండిరనుటకు శూన్యసంపాదనయే నిదర్శనము. అందు అల్లమప్రభువు కల్యాణమునకు వచ్చి బసవేశ్వరుని వాకిట నిలుచును. లోపల బసవేశ్వరుడు లింగపూజలో నిమగ్నుడై యుండును. హడపద అప్పన్న కబురు తెచ్చినను ఆయన వెంటనే లేచి రాడు. వాకిట జంగముడు నిలిచియుండగా లోపల లింగమునకు పూజ యేమని ప్రభువు లోనికి అడుగిడ నిరాకరించును. బసవేశ్వరుడు తన లోపమును అంగీకరించి వచ్చి వేడుకొనును. పూజావిధిని సందేహించినవాడు ఎవడో నాస్తికుడు కాడు. సందేహమునకు గురియైనవాడు ఎవడో డాంబికుడును కాడు. ఉద్యమమునకు మూలపురుషుని ఇంటి గడపమీదనే ఆ సందేహము పుట్టినది, దానికి అచటనే గౌరవము లభించినది.

అక్కమహాదేవి వచ్చినప్పుడును అంతే. వస్త్రము విడిచినదానవు కేశములతో దేహమును కప్పుకొనుటయేల యని ప్రభువు నిష్ఠురముగా అడుగును. ఆమె బెదరదు, కోపింపదు, జవాబు చెప్పును. ఆ జవాబునకు తలయొగ్గినవారు ఆమెకంటె పెద్దలు. ఇక లక్కమ్మ మాట. మారయ్య రాలిన బియ్యమేరి తెచ్చి జంగమార్చన చేయు కాయకము కలవాడు. ఒకనాడు నిత్యమునకు మించి తెచ్చెను. లక్కమ్మ అది చూచి, అధికమైనది మనది కాదు, తిరిగి అక్కడనే పోసి రమ్మని భర్తను పంపెను. ఆమె ఏ ఆగమమును ఉదహరింపలేదు. కాయకమన్న మాటకు అర్థమును చేటలోని బియ్యము చూచి నిర్ణయించినది. శాస్త్రమునకు సొంత వ్యాఖ్యానమన్నచో ఇంతకు మించినది దొరకుట అరుదు; అది ఆమెకు లాభమును గాక నష్టమును తెచ్చిన వ్యాఖ్యానమని కూడ గుర్తింపవలెను. స్వబుద్ధితో చెప్పుకొను అర్థములలో పలుమార్లు మన సౌకర్యమే దాగియుండును.

ఇంతవరకు చదివినవారికి ఒక శంక కలుగవచ్చును. శూన్యసంపాదన పదునైదవ శతాబ్దమున కూర్చబడినది; కల్యాణమునకు రెండువందల యేండ్లకు పైబడిన తరువాతిది. అది శరణుల మాటయా, కూర్పరుల మాటయా? ఈ శంక న్యాయమైనదే. ఆ గ్రంథము ఒకటి కాదు, నాలుగు కూర్పులు. శివగణప్రసాది మహాదేవయ్య మొదట కూర్చెను. తరువాత హలగెయదేవుడు, గుమ్మళాపుర సిద్ధలింగయతి, గూళూరు సిద్ధవీరణ్ణ క్రమముగా మరల కూర్చిరి. మొదటి కూర్పులో సిద్ధరామునకు ఇష్టలింగదీక్ష జరిగిన ఘట్టము లేదు. చెరువులు త్రవ్వించి గుడులు కట్టించిన ఆ యోగికి ప్రభువు బోధవలన కలిగిన జ్ఞానమే చాలునన్నట్లు కథ నడచును. అది సరిపడక హలగెయదేవుడు దీక్షాఘట్టమును చేర్చెను. తరువాతివారు దానిని నిలిపిరి. అనుభవము కలిగినవానికి దీక్ష అవసరమా, అనవసరమా? నేటి యువకుడు మఠమును గురించి అడుగు ప్రశ్నయు సరిగా ఇదియే. ఆనాటి సమాజము ఒక కూర్పును తగులబెట్టి వేరొకదానిని నిలుపలేదు. నాలుగును తాళపత్రములలో మనవరకు వచ్చినవి.

ఇష్టలింగమునందే ఈ చిక్కు ఇమిడియున్నది. అది అరచేతిలో నుండును. దానికి గుడి అక్కరలేదు, పూజారి అక్కరలేదు, స్త్రీ పురుష భేదము లేదు. ఇంతకంటె వ్యక్తిగతమైన ఉపాసన యుండదు. అయినను దానిని గురుని చేతినుండియే గ్రహింపవలెను. తనంత తాను తెచ్చి కట్టుకొనునది కాదు. కావున శరణధర్మము వ్యక్తికి సర్వాధికారము నిచ్చినదనుట తొందరపాటు. సంస్థకు ఇచ్చినదనుటయు తొందరపాటే. జంగముడనగా కదలువాడు. కదలువానికి కాలక్రమమున మఠములు, మాన్యములు, పీఠములు ఏర్పడినవి. శరణులు చూచియుండినచో ఏమందురో ఊహించుట కష్టము కాదు. కాని ఈ నిందను సగములోనే ఆపవలసియున్నది. వచనములు చెదలు పట్టక నిలిచినది ఆ మఠముల అటకలమీదను, భక్తుల ఇండ్లలోను గదా! విజాపురమున న్యాయవాదిగా నుండిన ఫ. గు. హళకట్టి ఆ తాళపత్రములను సేకరించి 1923లో వచనశాస్త్రసారమును ప్రకటించెను. 1926లో శివానుభవ పత్రికను స్థాపించెను. మఠము లేకున్న ఆయనకు వెదకుటకు ఆకులు లేవు. ఆయన లేకున్న ఆ ఆకులు పూజామందిరములో మూటగానే యుండెడివి.

మన తెలుగునాట ఈ భేదము మరియొక రూపమున కనబడును. ద్రాక్షారామమునకు చెందిన మల్లికార్జున పండితారాధ్యుడు బసవేశ్వరునకు సమకాలికుడు, శివతత్త్వసారకర్త. బసవేశ్వరునియందు ఆయనకు గల ప్రీతి ప్రసిద్ధమే. అయినను వేదమును, బ్రాహ్మణ్యమును విడువలేదు. ఆరాధ్యులు నేటికిని లింగముతోపాటు యజ్ఞోపవీతమును ధరింతురు. ఒకరు విడిచినదానిని వేరొకరు నిలుపుకొనిరి. సోమనాథుడు ఇరువురి చరిత్రలను రచించెను: బసవపురాణము, పండితారాధ్య చరిత్రము. ఒకరిని సరిదిద్ది రెండవవారివలె చేయుట ఆయనకు అవసరమని తోచలేదు.

ఇటీవలి కాలమున ఈ మర్యాద రెండు విధముల తప్పినది. మాతె మహాదేవి స్త్రీలలో తొలిగా జగద్గురు పీఠము నధిష్ఠించిన విదుషీమణి. బసవతత్త్వ ప్రచారమునకు జీవితమంతయు వెచ్చించినది. ఆమె 1996లో వెలువరించిన బసవ వచన దీప్తిలో కూడలసంగమదేవ యను అంకితమునకు మారుగా లింగదేవ యని ముద్రించెను. దైవప్రేరణముచే చేసితినని ఆమె పక్షము. 1998లో కర్ణాటక ప్రభుత్వము ఆ గ్రంథమును జప్తుచేసెను. 2017లో సుప్రీంకోర్టు ఆ నిర్ణయమును సమర్థించెను. ఆమె ప్రేరణమును శంకింప నెవరికిని అధికారము లేదు. లింగదేవ యను అంకితముతో ఆమె సొంత వచనములు వేయి వ్రాసినను అడ్డువచ్చువారు లేరు. కాని అది బసవేశ్వరుని నోట పెట్టబడినది, చిక్కంతయు అచటనే. అయినను దానిని తేల్చవలసినది శరణగోష్ఠి గాని పోలీసుశాఖ కాదు.

రెండవది దీనికి విపరీతము. పరిశోధకుడు ఎం. ఎం. కలబురిగి బసవేశ్వరుని కుటుంబమునకు సంబంధించిన కొన్ని చారిత్రకాభిప్రాయములను మార్గ యను గ్రంథమున ప్రకటించెను. ఆయన ఎవరి వచనమును మార్చలేదు. తన పేరుతో, తన ఆధారములతో, తన ఊహను చెప్పెను. శరణుల పద్ధతిలో చూచినచో అది ఆయన అంకితము గల మాట. దానికి ఆధారములతో ఖండనము వ్రాయవచ్చును, వ్రాసినవారును కలరు. కాని 1989లో మఠాధిపతుల, సమాజ పెద్దల ఒత్తిడికి లోనై ఆయన తన అభిప్రాయములను ఉపసంహరించుకొనవలసి వచ్చెను. ఇంటివారికి కలిగిన భయము దీనికొక కారణమని ఆయన తరువాత చెప్పుకొనెను. అల్లమప్రభువును వాకిటనుండి గెంటివేసియుండినచో ఎట్లుండెడిదో ఇదియు అట్లే యున్నది. 2015 ఆగస్టు 30న ధారవాడలో తన ఇంటనే ఆయన హత్యకు గురియయ్యెను.

కర్ణాటక ప్రభుత్వము ప్రకటించిన సమగ్ర వచన సంపుటములు పదునైదు. వానిలో ఇరువదివేలకు పైగా వచనములు కలవు. వానికి ప్రధాన సంపాదకుడు ఆ కలబురిగియే. ఆ సంపుటములలో ముప్పదిమందికి పైగా స్త్రీల వచనములు కలవు. నేతగాండ్రవి, చాకలివారివి, పడవవారివి, గొల్లలవి కలవు. ఒకచోట కర్త యెవరో తెలియని వచనములును చేర్చబడినవి. వారి ఊరు తెలియదు, కులము తెలియదు, స్త్రీయో పురుషుడో కొన్నింట తెలియదు. చివరిపాదమున వారు తమ దైవమును పిలుచుకొన్న పేరు మాత్రము ఉన్నది. దానిని ప్రతికారులు మనవరకు తెచ్చిరి.