చూపు చాలు, చెయ్యి వద్దు

నిజాంపేట

చిరంజీవి సౌమ్యకు,

పాములనూ బల్లులనూ వెతకడానికి ఆఫీసు స్నేహితులతో అండమాన్ వెళ్తున్నావని అక్క కంగారుగా ఫోన్ చేసింది. నిన్ను ఆపమంది. ఆపను. కానీ ఇన్నేళ్లు ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పినవాణ్ని, నాలుగు ముక్కలు చెప్పకుండా పంపలేను.

ముందు ప్రాణం సంగతి. మన ఆసుపత్రుల్లో ఎక్కించే యాంటీవెనం నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి అనే నాలుగింటి విషంతో తయారవుతుంది. ఆ నాలుగూ అండమాన్ అడవుల్లో ఉండవు. అక్కడి నాగుపాము, కట్లపాము వేరే జాతులు. ఆ దీవుల్లో తప్ప ఇంకెక్కడా కనిపించవు. రాచనాగు కూడా ఉంది. మన మందు వాటి విషం మీద అంతే బాగా పనిచేస్తుందన్న భరోసా లేదు. కాటు పడితే క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికే వెళ్లాలి, అందులో సందేహం లేదు. కానీ నీ జాగ్రత్తంతా అసలు కాటు పడకుండా చూసుకోవడంలోనే ఉండాలి.

అక్కడ ఉండే వేరే జాతి పింజరి రాత్రిపూట తక్కువ ఎత్తు కొమ్మల మీద గంటల తరబడి కదలకుండా ఉంటుంది. ఒకటి ఆకుపచ్చగా ఉంటే ఇంకొకటి గోధుమరంగులో ఉంటుంది. అందుకని చూడకుండా పట్టు కోసం కొమ్మ అందుకోకు. దుంగ అడ్డొస్తే ఒక్క అంగలో దాటకు. పైకెక్కి, అవతల టార్చి వేసి చూసి దిగు. రాయి ఎత్తాల్సి వస్తే కర్రతో అవతలి అంచు పైకి లేపు, రాయే నీకు అడ్డుగా ఉంటుంది. చూశాక రాయిని ఎలా ఉన్నది అలాగే పెట్టు, అది ఒకరి ఇల్లు. ఒడ్డుకొచ్చే సముద్రపు కట్లపాము సాధువుగా ఉంటుందని కొందరు చేతుల్లోకి తీసుకుని ఫొటోలు దిగుతారు. దాని విషం మాత్రం సాధువు కాదు. ఉప్పునీటి మొసళ్లున్న కయ్యల దగ్గర చీకట్లో నీళ్ల అంచుకు వెళ్లకు.

పగలు మాత్రం భయం లేకుండా చూడదగ్గది ఒకటుంది: పచ్చగా మెరిసే అండమాన్ పగటి బల్లి. దాని చుట్టాలు ఎక్కువగా మడగాస్కర్‌లోనూ ఆ చుట్టుపక్కల దీవుల్లోనూ ఉంటాయి. ఇంత దూరం ఎలా వచ్చిందో తీరిగ్గా ఆలోచించు.

రాత్రి అడవిలో తిరగాలంటే అటవీ శాఖ అనుమతి తీసుకో, స్థానిక గైడు లేకుండా కదలకు. జారవా తెగవాళ్ల రిజర్వు వైపు పామును వెతుకుతూ కూడా అడుగు పెట్టకూడదు. 1956 నాటి నిబంధనలు దాన్ని నిషేధించాయి. అనుమతి లేకుండా పాములను పట్టడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. ఫొటో పెట్టేటప్పుడు కచ్చితమైన చోటు చెప్పకు, దొంగ వేటగాళ్లు కూడా చూస్తారు.

వెతకడం నేర్చుకోవాలంటే పాములు పట్టే ఇరులర్ తెగవాళ్లను చూడు. చెన్నై దగ్గర వడనెమ్మేలిలో 1978లో వాళ్ల సహకార సంఘం ఏర్పడింది. లైసెన్సుతో పాములను పట్టి, విషం తీసి, మళ్లీ అడవిలో వదిలేస్తారు. ఆ వర్గానికి చెందిన వడివేల్ గోపాల్, మాసి సడయన్‌లను 2017లో కొండచిలువలు పట్టడానికి ఫ్లోరిడాకు పిలిపించుకున్నారు. 2023లో వాళ్లిద్దరికీ మన ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. వాళ్లు పరుగెత్తరు. జాడ, పెంట, కుబుసం చూసి, పాము ఎక్కడుండొచ్చో ముందే తేల్చుకుంటారు.

ఆ చూపు ఇక్కడే అలవాటు చేసుకో. వానలు పడగానే ప్రగతినగర్ చెరువు గట్టున దూరంగా నిలబడితే నీటిపాము కనిపిస్తుంది. మా అపార్ట్‌మెంట్ వెనక ఖాళీ ప్లాట్లలో కంకర గుట్టలున్నాయి, వాటిలో ఎలుకలున్నాయి, వాటి కోసం జెర్రిపోతు వస్తుంది. కట్లపామునూ విషం లేని దాని పోలికల పామునూ ఫొటోల్లో చూసి గుర్తుపట్టడం నేర్చుకో: కట్లపాముకి తెల్లకట్లు మెడ దగ్గర మసకగా ఉండి తోకవైపు తేటపడతాయి, రెండోదానికి మెడ దగ్గరే తేటగా ఉంటాయి. 1995 నుంచి హైదరాబాద్‌లో పాములను కాపాడుతున్న ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్లతో మాట్లాడు. ఇంటికి వచ్చిన పామును వాచ్‌మన్ కర్ర తీసేలోపు ఎలా కాపాడతారో అడిగి తెలుసుకో.

క్షేమంగా వెళ్లి రా. పామును చేత్తో పట్టుకున్న ఫొటో ఒక్కటి కూడా నాకు పంపొద్దు.

ఇట్లు,
మీ మామయ్య