తోలు పని: తెలిసి చూద్దాం, తెలిసి మాట చెబుదాం



మేము మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ హాస్టళ్లలో చదివి బయటికి వెళ్లిన వాళ్లం. మాలో కొందరి తాతలు చెప్పులు కుట్టారు, కొందరి తాతలు పొలం పనికి వెళ్లారు. ఈ సంచిక కోసం అందరం కలిసి ఒక పాఠం రాద్దామనుకున్నాం. ఇది ఏ తరగతి పుస్తకంలోనూ లేని పాఠం. కానీ ఇందులో రసాయన శాస్త్రం ఉంది, లెక్క ఉంది, చేతి నేర్పు ఉంది.

చేత్తో చేసిన చెప్పుల జత చూస్తే మనలో చాలామంది అనేది రెండే మాటలు: "బాగున్నాయి", "రేటు ఎక్కువ". ఈ రెండు మాటల వల్లా చేసినాయనకు ఒరిగేది ఏమీ లేదు. ఎక్కడ బాగుందో, ఎక్కడ లోపం ఉందో చెప్పగలిగితేనే అది అభిప్రాయం అవుతుంది. అలా చెప్పాలంటే ముందు పని తెలియాలి.

పచ్చితోలు, పదునైన తోలు

పచ్చితోలును అలాగే వదిలేస్తే కుళ్లిపోతుంది. ఎండబెడితే రేకులా బిగుసుకుపోతుంది, మళ్లీ తడిస్తే మెత్తబడి కుళ్లుతుంది. తోలులో కొల్లాజెన్ అనే మాంసకృత్తు పోగులు ఉంటాయి. వాటిని సూక్ష్మజీవులు తినేయడమే దీనికి కారణం. కొన్ని చెట్ల బెరడుల్లో, కాయల్లో ఉండే టానిన్ అనే వగరు పదార్థం ఆ పోగులను పట్టుకుంటే తోలు అంత తేలికగా కుళ్లదు, ఎండినా మెత్తగా వంగుతుంది. దీన్నే తోలు పదును చేయడం అంటారు. పచ్చి అరటికాయ కొరికితే నాలుక పట్టేసినట్టు ఉంటుంది కదా, అదీ టానిన్ పనే.

డప్పుకు మాత్రం పదును చేసిన తోలు పనికిరాదు. వెంట్రుకలు తీసిన పచ్చితోలును తడిగా ఉన్నప్పుడే చట్రానికి లాగి బిగిస్తారు. అది ఆరి బిగుసుకుంటేనే మోత వస్తుంది. వానాకాలంలో గాలిలోని తేమ పీల్చుకుని సడలిపోతుంది కాబట్టి మంట మీద కాచి వాయిస్తారు. ఒకే తోలు చెప్పుకు ఒక రకంగా, డప్పుకు ఒక రకంగా ఎందుకు ఉండాలో మన పెద్దలకు బడికి వెళ్లకుండానే తెలుసు.

పదును చేసే వరస

మొదట ఉప్పు. ఒలిచిన తోలుకు మాంసం ఉన్న వైపు ఆలస్యం చేయకుండా ఉప్పు పట్టించాలి. ఉప్పు నీటిని లాగేస్తుంది, కుళ్లు ఆగుతుంది. తరువాత నీళ్లలో నానబెట్టి ఉప్పు, మురికి కడుగుతారు. ఆపైన సున్నపు నీటిలో కొన్ని రోజులు ఉంచుతారు. వెంట్రుకల కుదుళ్లు వదులవుతాయి. ఏటవాలు దుంగ మీద పరిచి ఒకవైపు వెంట్రుకలు, రెండోవైపు మిగిలిన మాంసం గీకేస్తారు. సున్నం పోవడానికి బాగా కడిగి, పులిసిన తవుడు నీళ్లలో వేసే పద్ధతి కూడా ఉంది. సున్నం క్షారం, పులిసిన తవుడు ఆమ్లం. తటస్థీకరణ అని మనం చదువుకున్నది ఇదే.

అప్పుడు చెక్క నీళ్లు. మన వైపు తుమ్మ చెక్క, తంగేడు చెక్క వాడేవారు. తంగేడు అంటే ఈరోజు తెలంగాణ రాష్ట్ర పుష్పం పూసే మొక్కే. తోలును ముందు పలచని నీళ్లలో, తరువాత చిక్కని నీళ్లలో వేస్తారు. మొదటే చిక్కని నీళ్లలో వేస్తే పైపొర బిగుసుకుపోయి లోపలికి టానిన్ దిగదు. అందుకే దీనికి వారాల తరబడి ఓపిక కావాలి. చివర కరక్కాయ నీళ్లు పట్టిస్తే తంగేడుతో పదునైన తోలు వెలుతురుకు ఎర్రబారకుండా ఉంటుంది. నూనె రాసి నీడలో ఆరబెడతారు.

19వ శతాబ్దం చివర అమెరికాలో క్రోమియం లవణాలతో పదును చేసే పద్ధతి వచ్చింది. దానికి 1884లో ఒక పేటెంటు, 1893లో మరొకటి ఇచ్చారు. వారాల పని ఒకటి రెండు రోజులకు దిగింది. ఇప్పుడు ప్రపంచంలో ఎక్కువ తోలు అలా తయారైనదే. రెండింటినీ గుర్తుపట్టడం తేలిక. రంగు వేయని ముక్కను కోసి చూస్తే క్రోమియం తోలు లోపల నీలి బూడిద రంగులో, చెక్క తోలు గోధుమ రంగులో ఉంటుంది.

పెడన అద్దకం, చెప్పు తోలు

మచిలీపట్నం పక్కనే ఉన్న పెడనలో కలంకారీ గుడ్డను ముందు కరక్కాయ నీళ్లలో ముంచుతారు. ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో కొన్నాళ్లు నానబెట్టి ఆ ద్రవాన్ని అచ్చుతో అద్దుతారు. అద్దినచోట గుడ్డ నల్లబడుతుంది. కరక్కాయలోని టానిన్, ఇనుము కలిస్తే నలుపు వస్తుంది. ఇదే ద్రవాన్ని చెక్క తోలు మీద రాస్తే అదీ నల్లబడుతుంది, కడిగినా పోదు. అద్దకం పనికి, తోలు పనికి ఆధారం ఒకే శాస్త్రం. మరి ఒకదాన్ని కళ అని దేశదేశాలకు పంపి, రెండోదాని పేరును తిట్టుగా ఎందుకు వాడుతున్నారు? ఈ ప్రశ్న మీరు సైన్సు క్లాసులోనూ అడగండి, సాంఘిక శాస్త్రం క్లాసులోనూ అడగండి.

కోత, కుట్టు

తోలంతా ఒకే రకంగా ఉండదు. వీపు భాగం దళసరిగా, గట్టిగా ఉంటుంది. చెప్పు అట్టకు, బెల్టుకు అది కావాలి. పొట్ట భాగం సాగుతుంది. రంపెతో అంచులు పలచగా చెక్కుతారు, ఆరెతో కన్నం పొడుస్తారు. దారానికి మైనం పట్టిస్తారు.

రెండు సూదుల కుట్టు గురించి తెలుసుకోవాలి. ఒకే దారానికి రెండు కొసలా రెండు సూదులు ఉంటాయి. ప్రతి కన్నంలోనూ రెండూ ఎదురెదురుగా దూరతాయి. ఒకచోట దారం తెగినా పక్క కుట్లు నిలబడతాయి. మిషను కుట్టులో పైదారం, కిందదారం ఒకదాన్నొకటి మెలేసుకుని ఉంటాయి, ఒకచోట తెగితే వరుసగా ఊడే ప్రమాదం ఎక్కువ. చేతి కుట్టుకు ఎక్కువ కూలి ఎందుకో ఇప్పుడు అర్థమవుతుంది.

మూడు వస్తువులు, మా అభిప్రాయం

మేము మూడు వస్తువులు ముందు పెట్టుకుని చూశాం. మొదటిది గుడివాడలో చేత్తో కుట్టించుకున్న చెప్పుల జత. అట్ట వీపు తోలు, రెండు పొరలు. బొటనవేలి ఉంగటం పాదం కొలత తీసి పెట్టినది కాబట్టి వేలు ఒరుసుకోదు. కుట్ల ఎడం సమానంగా ఉంది. లోపం ఒక్కటే: అడుగున దారం పైకి తేలి ఉంది. సన్నని గాడి గీసి అందులో కుట్టు దించితే దారం నేలకు రాసుకోదు, జత ఇంకా ఎక్కువ కాలం వస్తుంది.

రెండోది బజారులో తోలు బెల్టు అని కొన్నది. వంచి చూస్తే పైపొర సన్నగా పగిలింది, బొక్క అంచున గుడ్డ పోగులు కనిపించాయి. పైన గరుకు గీతలు ఒకే అచ్చు తిరిగి తిరిగి పడినట్టు ఉన్నాయి. అసలు తోలు మీద రంధ్రాలు అలా ఒకే లెక్కలో ఉండవు. ఇది రెగ్జిన్. రెగ్జిన్ వాడడం తప్పు కాదు, తోలు ధర పెట్టి కొనడమే నష్టం.

మూడోది ఒక తమ్ముడు సెలవుల్లో సొంతంగా కుట్టిన పర్సు. తోలు మంచిది, కుట్టు తిన్నగా ఉంది. కానీ మడత దగ్గర పలచగా చెక్కలేదు, అందుకే మూసినా తెరుచుకుంటోంది. కన్నాలు అంచుకు మరీ దగ్గరగా, ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. అలా ఉంటే తపాలా బిళ్ల అంచులా చిరుగుతుంది. అంచు నుంచి మూడు నాలుగు మిల్లీమీటర్లు వదిలి, కన్నాల మధ్య కూడా అంతే ఎడం పెడితే సరిపోతుంది.

గమనించారా? ముందు బాగున్నది చెప్పాం, తరువాత లోపం ఉన్న చోటు చూపించాం, ఆపైన ఎలా సరిచేయాలో చెప్పాం. ధర గురించి మాట్లాడే ముందు "ఎన్ని రోజుల పని?" అని అడగండి. ఒక జతకు రెండు రోజులు పట్టిందనుకుందాం. రెండు రోజుల కూలి, తోలు, దారం ఖర్చు కలిపి చూడండి. బేరం ఆడాలో లేదో మీకే తెలుస్తుంది.

మన గాలికి జాగ్రత్తలు

బందరు, నాగాయలంక వైపు సముద్రపు గాలిలో తేమ ఎక్కువ. చెప్పులను ప్లాస్టిక్ సంచిలో మూసి పెడితే బూజు పడుతుంది. తడిస్తే పొయ్యి దగ్గరా, ఎండలోనూ పెట్టకుండా నీడలో ఆరనివ్వాలి. ఉప్పునేల బురద అంటితే తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టి, పలచగా ఆముదం రాయాలి.

ఎవరి పని?

ఈ పాఠం రాసి మిమ్మల్ని మళ్లీ కులవృత్తిలోకి వెళ్లమంటున్నామని అనుకోవద్దు. పుట్టుక చూసి పని అంటగట్టే హక్కు ఎవరికీ లేదు. 2015లో సవరణ జరిగి 2016 జనవరి 26 నుంచి అమలులోకి వచ్చిన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ప్రకారం మనవాళ్ల చేత పశువుల కళేబరాలు మోయించడం, తీయించడం నేరం. ఇష్టపడి ఆ పని చేసుకునే వాళ్లను కొట్టే హక్కూ ఎవరికీ లేదు. అదే 2016 ఆగస్టులో, మనకు ఎంతో దూరం లేని అమలాపురంలో, కరెంటు తగిలి చచ్చిపోయిన ఆవు తోలు ఒలుస్తున్న దళిత అన్నదమ్ములను గోవును చంపారన్న అనుమానంతో కొట్టారు. చెయ్యమని ఒత్తిడి చేసేదీ, చేస్తే కొట్టేదీ ఒకే సమాజం. ఈ రెంటికీ తలవంచకూడదు.

వదిలేయాల్సింది బలవంతాన్ని, అవమానాన్ని. విద్యను ఎందుకు వదులుకోవాలి? చెన్నైలో 1948లో ఏర్పడిన కేంద్ర తోలు పరిశోధనా సంస్థ ఉంది. దాని సహకారంతో అన్నా విశ్వవిద్యాలయంలో లెదర్ టెక్నాలజీ బీటెక్ నడుస్తోంది. హైదరాబాదులో పాదరక్షల డిజైన్ నేర్పే ఎఫ్‌డీడీఐ ఉంది. ఇంటర్ తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ పేర్లు నోటు పుస్తకంలో రాసుకోండి.

ఈ సెలవుల్లో ఒక పని చేయండి. మీ ఊళ్లో గానీ, బస్టాండు దగ్గర గానీ చెప్పులు కుట్టే పెద్దాయన పక్కన ఒక గంట కూర్చోండి. "తాతా, ఇది వీపు తోలా, పొట్ట తోలా?" అని అడగండి. ఆయన చెప్పింది రాసుకోండి. పనిముట్ల పేర్లు, చెక్కల పేర్లు, కుట్ల పేర్లు అన్నీ రాయండి. వచ్చే సంచికకు అవి పంపితే అందరం కలిసి రెండో పాఠం రాద్దాం.